మచ్చలేని ఇన్‌ఫీల్డు

గోనెసంచుల కార్పొరేషన్‌కి బేస్‌బాల్ జట్టు దేనికని అడిగినవాళ్ళు ఆ రోజుల్లో ఎవరూ లేరు. అడిగే అలవాటున్నవాళ్ళు అప్పటికే వేరే కార్పొరేషన్లకి బదిలీ అయిపోయారు.

జరిగింది ఇదీ. ఒక మంత్రిగారు గోనెసంచుల ఎగుమతి సంగతి చూడడానికి విదేశం వెళ్ళారు. అక్కడ గోనెసంచులు ఎవరికీ అక్కర్లేదని మొదటి రోజునే తేలిపోవడంతో మిగతా సాయంత్రాలు ఖాళీ పడ్డాయి. ఎవరో తీసుకెళ్తే బేస్‌బాల్ ఆట చూశారు. వేలమంది జనం తలకి టోపీలు పెట్టుకుని, వేయించిన వేరుశనక్కాయలు వలుచుకు తింటూ, గంటల తరబడి ఒక్క గొడవా లేకుండా కూర్చున్నారట. జనం అంత కుదురుగా కూర్చోవడం ఆయన తన రాజకీయ జీవితంలో ఎన్నడూ చూడలేదు. అలాంటి టోపీ ఒకటి పెట్టుకునే విమానం దిగి, రాష్ట్రంలో ప్రతి కార్పొరేషనూ జీతాలిచ్చి ఒక బేస్‌బాల్ జట్టుని పోషించాలని ఉత్తర్వు ఇప్పించారు. అది స్త్రీల అభ్యున్నతి సంవత్సరం కూడా కావడం వల్ల జట్లన్నీ ఆడవాళ్ళవే కావాలన్నారు. చెరుకు కార్పొరేషన్‌కి జట్టు వచ్చింది, కొబ్బరిపీచు కార్పొరేషన్‌కి వచ్చింది, చివరికి గొర్రెల కార్పొరేషన్‌కీ వచ్చింది. గోనెసంచుల వాళ్ళకి విజయనగరంలో, నెల్లిమర్ల రోడ్డు మీద పాత గోడౌను వెనకాల ఇంత ఖాళీ జాగా ఉండేది. అందులో తుప్పలు కొట్టించి మైదానం చేశారు.

దాలమ్మకి ఉద్యోగం అలా వచ్చింది. గజపతినగరం అవతల ఒక పల్లె పిల్ల. స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడి జిల్లా దాకా వెళ్ళింది. బక్కపలచగా ఉండేది కానీ, ఆ చేతులున్నాయే, పాదరసంలా ఉండేవి. 'ఇన్‌ఫీల్డర్, గ్రేడ్ టూ' అని కాగితం మీద చదువుకుని, అదేదో ఇంజినీరు లాంటిదేమో అని వాళ్ళ ఊళ్ళో అందరూ సంతోషించారు.

ఆట తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. బ్యాటు పట్టుకున్న పిల్ల బంతిని కొట్టి పరుగెత్తుతుంది. నేల మీద నలుపలకగా నాలుగు చోట్లుంటాయి. బ్యాటు కొట్టే చోటు ఒకటి, అక్కడి నుంచి వరసగా మూడు బేసులు. అన్నీ తొక్కి మళ్ళీ బయలుదేరిన చోటికి చేరితే పరుగు. ఆ లోపల బంతిని పట్టి, ఆమె చేరాల్సిన బేసుకి ముందే అందిస్తే ఆమె అవుటు. ముగ్గురు అవుటయితే ఆ జట్టు బ్యాటు దించాలి. బేసుల దగ్గర కాపలా కాసేవాళ్ళే ఇన్‌ఫీల్డర్లు. రెండో బేసుకీ మూడో బేసుకీ నడుమ, తనకంటూ ఏ బేసూ లేకుండా ఒకామె ఉంటుంది. ఆమెని షార్ట్‌స్టాప్ అంటారు. నేలబారున వచ్చే బంతులు ఎక్కువగా ఆమె మీదికే వస్తాయి. దాలమ్మ అక్కడ నిలబడేది. పక్కన రెండో బేసు గౌరీశ్వరిది.

గౌరీశ్వరి బొబ్బిలి వైపు మనిషి. మాట పెళుసు, నవ్వు పెద్దది. ఇద్దరూ కలిసి కంటోన్మెంటులో ఒక పోర్షను అద్దెకి తీసుకున్నారు. ఒకరు వండితే ఒకరు గిన్నెలు తోమేవారు. మైదానంలోనూ అదే లెక్క. బంతి దూసుకొస్తే దాలమ్మ వంగి, తీసి, కనీసం తల తిప్పి చూడకుండా రెండో బేసు మీదికి విసిరేది. చూడకుండానే ఎందుకంటే, గౌరీశ్వరి అక్కడ ఉంటుంది కనుక. గౌరీశ్వరి బంతి కోసం అటు పరుగెడితే దాలమ్మ ఇటు వచ్చి ఆమె బేసు మీద నిలబడేది. గౌరీశ్వరి కూడా చూడకుండానే విసిరేది. అలా ఒక్క బంతికి ఇద్దర్ని అవుట్ చేసి పారేసేవాళ్ళు.

"నీకు ఈపున కళ్ళున్నాయేటే?" అనేది గౌరీశ్వరి.

"నువ్వు ఎక్కడికి పోతావులే," అనేది దాలమ్మ.

ఆ మాట ఆమె తేలిగ్గా అనగలిగిన ఒకే ఒక్క మనిషి గౌరీశ్వరి. చిన్నప్పుడు తల్లి ఇటుకబట్టీల పనికని బండెక్కి వెళ్ళింది. ఆ తరవాత అక్కని బరంపురం అవతల ఇచ్చారు. ఎక్కించి వెనక్కి రావడమే దాలమ్మకి తెలుసు. ఎవరైనా కొంచెం ఆలస్యంగా ఇంటికొస్తే గుమ్మంలో నిలబడే స్వభావం ఆమెది.

ఆ జట్టు నాలుగేళ్ళు బాగా ఆడింది. అదే వాళ్ళ కొంప ముంచింది. గెలిచిన జట్టు ఊళ్ళు తిరుగుతుంది. తిరిగితే ప్రయాణ భత్యం వస్తుంది. భత్యం బిల్లులతో పాటు స్కోరు కాగితాలు కూడా జతచేయాలని ఆఫీసువారు కోరడంతో, అవి మొదటిసారి సూపరింటెండెంటు పరాంకుశంగారి బల్ల మీదికి వచ్చాయి.

పరాంకుశంగారు ఆ కార్పొరేషన్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నారు. బంతి ఎప్పుడూ ముట్టుకోలేదు కానీ కాగితంలో తప్పు కనిపిస్తే చాలు, ఆయన కళ్ళజోడు దానంతటదే కిందికి జారేది. స్కోరు కాగితంలో అన్ని గళ్ళూ దాటుకుంటూ వచ్చి, ఆయన వేలు ఒక గడి దగ్గర ఆగింది. దాని తల మీద 'ఎర్రర్లు' అని ఉంది. కింద దాలమ్మ పేరుకి ఎదురుగా 'ఒకటి' అని రాసి ఉంది.

కోచ్ జగ్గారావుని పిలిపించారు. ఆయన ఒకప్పుడు హైస్కూలు డ్రిల్లు మాస్టారు. పై అధికారి ఎదుట చేతులు కట్టుకున్నాడంటే విప్పడం మరిచిపోయే మనిషి.

"ఏమయ్యా, ఈ సంస్థలో తప్పు జరిగినట్టు మీరే రాసుకున్నారు. బాధ్యుల మీద చర్య ఏదీ?"

"అది ఆటలో ఉండే గడేనండి. బంతి తగిలి జారిపోతే అలా రాస్తారండి. ఏ దేశమైనా..."

"ఏ దేశం సంగతి ఆ దేశం ఆడిట్ చూసుకుంటుంది. ఇక్కడ తప్పు రాసి, కింద చర్య రాయకపోతే మీరు కూడా తప్పులో భాగస్వాములు."

నిజానికి స్కోరు రాసేవాడికి ఆట తెలిస్తే ఆ బంతిని తప్పు కింద వేసేవాడు కాదు. ఎక్కడో దూరంగా పోతున్న బంతికి దాలమ్మ గాలిలో తేలి చెయ్యి చాచింది. వేలికొసకి తగిలి జారింది. ఇంకెవరైనా అయితే ఆ దరిదాపులకే వెళ్ళలేరు. కానీ స్కోరు రాయడానికి అకౌంట్స్ సెక్షన్ నుంచి వేసిన గుమాస్తా, ముట్టుకుని జారిస్తే తప్పు, అసలు ముట్టుకోకపోతే ఏమీ లేదు అని ఒక సులువైన సూత్రం పెట్టుకున్నాడు.

మూడో రోజుకి దాలమ్మకి మెమో అందింది. "తమరు విధి నిర్వహణలో ఉండగా కార్పొరేషన్‌కు చెందిన ఒక బంతిని నిర్లక్ష్యముగా జారవిడిచినందులకు తమపై క్రమశిక్షణ చర్య ఎందుకు గైకొనరాదో సంజాయిషీ ఇవ్వవలసినదిగా కోరడమైనది."

దాలమ్మ భయంతో, గౌరీశ్వరి పక్కన కూర్చుని చెబుతూంటే, ఉన్నదున్నట్టు రాసింది. బంతి చాలా దూరంలో పోతోంది, పరుగెత్తి దూకాను, చివరికి అందలేదు, మోచెయ్యి దోక్కుపోయింది, క్షమించాలి.

దానికి జవాబు రెండో మెమో. "తమ సంజాయిషీలోనే బంతి దూరముగా ఉన్నట్లు అంగీకరించియున్నారు. కావున తమది కాని బంతిని తాకుటకు తమకు గల అధికారమేమిటో తెలియజేయవలెను."

"ఇదేటమ్మా!" అంది గౌరీశ్వరి మెమో వెనకా ముందూ తిప్పి. "బంతికి ఎవరి బంతో పేరు రాసుంటాదేటి?"

రాసి ఉండదన్న సంగతి పరాంకుశంగారికీ తెలుసు. అందుకే లోపాన్ని మూలంలోనే సరిచేశారు. ఒక ఉదయం ఇద్దరు సర్వేయర్లు గొలుసుతో మైదానంలోకి దిగి, సున్నంతో గీతలు గీసి, ఇన్‌ఫీల్డుని నలుగురికీ పంచేశారు. మూలల్లో రాళ్ళు పాతారు. ప్రతి రాయి మీదా ఒక అంకె. ఇకనుంచి ఎవరి పరిధిలోకి వచ్చిన బంతిని వారే తాకాలి. పక్క పరిధిలో అడుగు పెట్టాలంటే కోచ్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. గీత మీదే ఆగిన బంతి గురించి ఎండీగారు నిర్ణయించే వరకు దాన్ని ఎవరూ కదపకూడదు. మొదటి మ్యాచ్‌లోనే ఒక బంతి గీత మీద ఆగింది. దానికి గొడుగు పట్టి, చుట్టూ ఇటుకలు పేర్చి, కొత్త బంతితో ఆట కొనసాగించారు.

ఈ గందరగోళంలో ఒక మనిషి మాత్రం ప్రశాంతంగా ఉంది. మూడో బేసు రాజ్యలక్ష్మి. పెద్దింటి మనిషి, మోకాళ్ళ నొప్పులు. చేరిన రోజునుంచీ బేసు పక్కన ఒక చోట నిలబడి, తన పాదాల మీదికి నేరుగా వచ్చిన బంతి తప్ప ఇంకోటి చూసి ఎరగదు. అలాంటివి ఏడాదికి ఏ రెండో మూడో. పక్కనుంచి పోయిన బంతులకి లెక్క లేదు. కానీ పోయిన బంతిని రాయడానికి కాగితంలో గడి లేదు కదా. ఆమె పేరుకి ఎదురుగా తప్పుల గడి తెల్లగా, ఉతికి ఆరేసినట్టు ఉండేది. రిపబ్లిక్ దినోత్సవం నాడు ఆమెకి శాలువా కప్పి, 'మచ్చలేని సేవ' అని ప్రశంసాపత్రం ఇచ్చి, గ్రేడ్ వన్ చేశారు.

"అదేటి చేసిందని?" అని గౌరీశ్వరి చప్పట్ల మధ్యలో గట్టిగానే అడిగింది.

"ఏటీ చెయ్యలేదనే గదమ్మా ఇస్తున్నారు," అన్నాడు జగ్గారావు, పెదవులు కదపకుండా.

జట్టుకి విషయం అర్థమవడానికి అంతకన్న పాఠం అక్కర్లేకపోయింది. మొదటి బేసు పిల్లకి ఇంట్లో ఇద్దరు బిడ్డలు, అత్తగారి మందులు. ఆమె మర్నాటి నుంచి నిలబడడం మొదలుపెట్టింది. బంతి విసిరే పిల్ల కూడా విసిరాక చేతులు వెనక్కి పెట్టేసుకునేది. ఎదుటి జట్లు ఎంత మందమతులైనా ఎన్నాళ్ళు గమనించకుండా ఉంటాయి? బలంగా కొట్టక్కర్లేదు, మెల్లగా నేల మీదికి తోస్తే చాలు, ఎవరూ తియ్యరు. బంతి పాపం దిక్కులేని దానిలా గడ్డిలో పడుండేది. కొట్టిన పిల్ల కొంగు దోపుకుని, దారిలో అందరినీ పలకరిస్తూ, నాలుగు మూలలూ తిరిగి వచ్చేది. అప్పుడు ఖాకీ బట్టల అటెండరు వెళ్ళి బంతి తెచ్చేవాడు. అతను ఇన్‌ఫీల్డర్ కాడు కనుక జారవిడిచినా తప్పు కాదు.

ఆ ఏడు జట్టు ఆడినవన్నీ ఓడింది. వార్షిక నివేదికలో ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంది. పెద్ద అక్షరాల్లో ఉన్నది, "ఈ సంవత్సరము ఇన్‌ఫీల్డు నందు దోషముల సంఖ్య గణనీయముగా తగ్గినది."

ఆ తగ్గిన సంఖ్యలో మిగిలినవి దాలమ్మవీ గౌరీశ్వరివీ. వాళ్ళిద్దరే ఇంకా బంతులు ముట్టుకుంటున్నారు మరి. పట్టిన నూరు ఎక్కడా రాయలేదు, జారిన రెండూ మెమోలయ్యాయి. దీనికి తోడు విజిలెన్సు వారు వచ్చి ఒక మ్యాచ్ చూశారు. దాలమ్మ బంతి తీసి చూడకుండా విసరడం, గౌరీశ్వరి అందుకోవడం, ఇద్దరు అవుటవడం వాళ్ళ కళ్ళముందే జరిగింది. చూడడానికి వచ్చిన నలుగురైదుగురు ఈలలు వేశారు. విజిలెన్సు ఆఫీసరు మాత్రం రాసుకున్నారు: "ఇరువురు ఉద్యోగినులు ఒకరి ముఖము ఒకరు చూచుకొనకుండగనే సంస్థ బంతిని చేతులు మార్చుకొనుచున్నారు. ముందస్తు అవగాహన లేనిదే ఇది అసాధ్యము. వీరిని విడదీయుట సంస్థ శ్రేయస్సుకు అవసరము."

గౌరీశ్వరికి తడ గోడౌనుకి బదిలీ రాశారు. తడ అంటే రాష్ట్రానికి ఆ చివర, ఇంకో అడుగేస్తే తమిళనాడు. అక్కడ జట్టూ లేదు, మైదానమూ లేదు. సంచుల్లోకి ఎలకలు రాకుండా చూసుకోవాలి.

దాలమ్మ ఆ రోజు అన్నం తినలేదు. పొద్దున్నే పరాంకుశంగారి గది ముందు నిలబడింది. ఆయన కాఫీ తాగడం అయ్యాక లోపలికి పిలిచారు.

"ఏమమ్మా, మళ్ళీ ఏం జారవిడిచావు?"

"బాబూ, గౌరీశ్వరిని పంపకండి బాబూ. మేమిద్దరం ఒక్కచోట ఉంటే మీకేటి నష్టం?"

ఆయన మరీ కఠినాత్ముడేం కాదు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నారు. "చూడమ్మా, నాకు మీ మీద కక్షా? శూన్యదోష పురస్కారం అని ఒకటి పెట్టారు పైవాళ్ళు. ఒక ఏడాదిపాటు మొత్తం జట్టుకి ఒక్క తప్పూ ఉండకూడదు. అది మనకొస్తే ఎండీగారి మనసు మెత్తబడుతుంది. మార్చి నెలాఖరు దాకా మీ ఇద్దరి గడీ తెల్లగా ఉండనివ్వు. బదిలీ నేను ఆపిస్తాను. అంతవరకు పెండింగులో పెడతాను."

"అంటే, బంతి ముట్టుకోవద్దా బాబూ?"

"అలా నేననలేదు. అలా అనడానికి నిబంధనలు ఒప్పుకోవు. జారవిడవవద్దు అన్నాను."

ఇంటికొచ్చి చెబితే గౌరీశ్వరి ఒప్పుకోలేదు. "దిష్టిబొమ్మల్లాగ నించోడానికా మనల్ని తెచ్చేరు? నా వల్ల కాదే. బంతి వస్తే నా కాళ్ళు ఆగవు."

"నా కోసం ఆపవే."

"నీ కోసం ఎలాగాపుతాను? నీతోటే గదా ఆడుతున్నాను!"

దాలమ్మ ఏడ్చింది. ఎవరైనా ఏడిస్తే గౌరీశ్వరికి చేతులూ కాళ్ళూ ఆడవు. "సరేలే, ఏడుపాపు. నించుంటాను. మార్చి ఆఖరు దాకా. ఆ తరవాత నన్నాపీవంటే నిన్నే బంతి చేసి కొడతాను," అంది.

అలా ఇన్‌ఫీల్డు మొత్తం కదలడం మానేసింది. అక్కడే అసలు చిక్కు వచ్చింది. ఎవరూ అవుటు కాకపోతే ఆట ముగియదు కదా. దసరా వెళ్ళాక చెరుకు కార్పొరేషన్‌తో మొదలైన మ్యాచ్‌లో చెరుకు వాళ్ళు బ్యాటు పట్టుకున్నారు, ఇక దించలేదు. సాయంత్రం ఐదింటికి ఆఫీసు వేళ అయిపోగానే వాయిదా వేసేవారు, పొద్దున పదిన్నరకి ఎక్కడాగిందో అక్కడినుంచి మొదలు. ఆదివారాలూ రెండో శనివారాలూ సెలవు. చెరుకు పిల్లలు పరుగులు తీసి తీసి నీరసించి, పిల్లల పరీక్షలకీ పేరంటాలకీ వంతులవారీగా సెలవులు పెట్టుకున్నారు. లీగులో మిగతా మ్యాచ్‌లు కూడా ఒక్కొక్కటే పెండింగులో పడ్డాయి, ఎందుకంటే గోనెసంచుల విధానం బాగుందని అన్ని కార్పొరేషన్లవాళ్ళూ బస్సుల్లో వచ్చి చూసి నేర్చుకుని వెళ్ళారు. గొర్రెల కార్పొరేషన్ వాళ్ళయితే నిలబడడంలో మూడు రోజుల శిక్షణ కూడా పొందారు. రాజ్యలక్ష్మి క్లాసు తీసుకుంది.

దాలమ్మ నెలల తరబడి అలా నిలబడింది. బంతులు కాళ్ళ పక్కనుంచి పోతూంటే మొదట్లో ఒళ్ళు జలదరించేది. తరవాత తరవాత పళ్ళు బిగించడం అలవాటయింది. పక్కన గౌరీశ్వరి నడుము మీద చేతులు పెట్టుకుని ఆకాశం వైపు చూసేది. సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి నడిచేవారు. ఇదివరకు దారంతా ఆ రోజు ఆడిన బంతుల గురించే మాటలు. ఇప్పుడు దొండకాయలు కొందామా, బెండకాయలు కొందామా అని మాట్లాడుకుంటున్నారు. అయినా పరవాలేదు, మనిషి పక్కనుంది, అనుకునేది దాలమ్మ.

మార్చి నెలాఖరు వచ్చింది. పురస్కారం ఇవ్వడానికి మంత్రిగారు, ఎండీగారు, షామియానా, వేరుశనక్కాయలు, అన్నీ వచ్చాయి. టోపీలు పెట్టుకున్న జనాన్ని నెల్లిమర్ల నుంచి లారీల్లో తెచ్చారు. చివరి రోజు, సాయంత్రం ఐదు కాబోతోంది. మొదటి బేసు మీద చెరుకు పిల్ల ఒకతె రెండో బేసుకి పరుగెత్తడానికి కాచుకుని ఉంది. బ్యాటు దగ్గరికి కొత్తగా చేరిన ఇంకొకతె వచ్చింది. వాళ్ళ చోడవరంలో ఆమెకి బాగా కొట్టమని చెప్పి పంపారు గానీ మెల్లగా తొయ్యమని చెప్పడం మరిచిపోయారు. కొట్టింది. బంతి భూమిని కోసుకుంటూ దాలమ్మకీ గౌరీశ్వరికీ నడుమ, సున్నపు గీత పక్కనుంచి దూసుకొచ్చింది.

దాలమ్మ ఒళ్ళు ముందుకి వాలింది. కాళ్ళని ఆపింది. ఇంకొక్క నిమిషం, ఐదయిపోతుంది.

గౌరీశ్వరి ఆగలేదు. గీత దాటి, రెండో నంబరు రాయి మీదనుంచి దూకి, నేల మీద పొడుగ్గా పడి, బంతిని చేతి తొడుగులో పట్టేసింది. జనం వేరుశనక్కాయలు పారేసి లేచి నిలబడ్డారు. గౌరీశ్వరికి లేవడానికి టైము లేదు. పడుకున్నచోటి నుంచే, అలవాటు ప్రకారం తల తిప్పకుండా, తను వదిలి వచ్చిన రెండో బేసు మీదికి బంతిని విసిరింది. తను అక్కడ లేకపోతే దాలమ్మ అక్కడ ఉంటుంది కనుక.

దాలమ్మ తన పరిధిలో ఉంది.

బంతి ఎవరూ లేని బేసు మీదనుంచి వెళ్ళి షామియానా కింద, మంత్రిగారి కాళ్ళ దగ్గర ఆగింది.

స్కోరు గుమాస్తా గడి నింపాడు. పురస్కారం కొబ్బరిపీచు వాళ్ళకి పోయింది. పెండింగులో ఉన్న బదిలీ మర్నాడే కదిలింది.

స్టేషన్లో దాలమ్మ ఇడ్లీ పొట్లం, మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది. గౌరీశ్వరి కిటికీ పక్కన కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ సామాన్ల గురించి మాట్లాడారు, ఆ ట్రంకుపెట్టె తాళం పడదు, దానికి తాడు కట్టు అని.

రైలు కూత వేశాక గౌరీశ్వరి అంది. "ఒస్తావనుకున్నానే."

"గీత దాటాలి గదే."

"నాను దాటలేదేటి?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండును. రైలు వెళ్ళిపోయింది. ఎక్కించి వెనక్కి రావడం దాలమ్మకి తెలిసిన పనే. అయినా దారి తప్పి కోట వైపు నడిచి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

ఉగాదికి కార్పొరేషన్ దాలమ్మని గ్రేడ్ వన్ చేసింది. తోటి ఉద్యోగిని తప్పు చేస్తున్నా చలించక తన పరిధిలో నిలిచినందుకట. ప్రశంసాపత్రం పరాంకుశంగారే చదివారు. ఆమె దాన్ని తీసుకుని, మడిచి, ఆయన బల్ల ముందు నిలబడింది.

"ఇదొద్దు బాబూ. నన్ను తడ పంపించీయండి."

"తడా? ఎందుకమ్మా? మచ్చలేని వాళ్ళని బదిలీ చెయ్యడానికి నిబంధనల్లో వీలు లేదు. బదిలీ అనేది తప్పు చేసిన వాళ్ళకి."

"తప్పు చేస్తే పంపుతారా?"

"తప్పక," అన్నారాయన. అని, ఎందుకైనా మంచిదని కళ్ళజోడు సరిచేసుకున్నారు.

దాలమ్మకి అంతకన్న ఏం కావాలి? మర్నాటి ఆటలో బంతి తన పరిధిలోకి రాగానే వెళ్ళి పట్టుకుంది. జారవిడుద్దామనే పట్టుకుంది. కానీ అంతకాలం ఖాళీగా ఉన్న చేతులు ఆత్రంగా పట్టేసి, వదలడానికి ఒప్పుకోలేదు. ఇంకో బంతి, అదీ అంతే. ఎంత మెత్తగా పట్టినా తొడుగులో పడి అతుక్కునేది. తప్పు చెయ్యడం చేతకాక ఏడుపొచ్చింది మనిషికి. బాగా పట్టినందుకు జనం చప్పట్లు కొడుతూంటే, "కొట్టకండి బాబూ!" అని ఒకసారి అరిచేసింది కూడా.

నాలుగో బంతికి ఉపాయం తోచింది. పట్టింది, తల తిప్పకుండా రెండో బేసు మీదికి విసిరింది. ఇప్పుడక్కడ మూడో బేసు నుంచి పదోన్నతి మీద వచ్చిన రాజ్యలక్ష్మి ఉంది. బంతి తన చెవి పక్కనుంచి వెళ్తూంటే ఆమె దానికి దారి ఇచ్చి, పమిట సర్దుకుంది. గుమాస్తా రాశాడు: దాలమ్మ, ఎర్రర్, ఒకటి.

దాలమ్మ ఆ సాయంత్రం ట్రంకుపెట్టె కొనుక్కుంది. తడలో గోడౌను పక్కన ఒక గది ఉంటుందని, ఇద్దరికీ సరిపోతుందని గౌరీశ్వరి ఫోనులో చెప్పి ఉంది. గోడకి పెట్టుకోవడానికి ఒక అద్దం కూడా కొంది.

ఉత్తర్వు వారం తిరక్కుండా వచ్చింది. ఈసారి ఆఫీసు అంత చురుగ్గా ఎందుకు పనిచేసిందో ఎవరికీ తెలియదు. దాలమ్మ గుమ్మం దగ్గరే నిలబడి విప్పింది.

"సదరు ఉద్యోగిని చేసిన తప్పు, ఇంతకు మునుపు శ్రీమతి గౌరీశ్వరి చేసిన తప్పుతో సమానమైనది. రెండవ బేసునకు చూడకుండగనే బంతి విసరుటలో ఇరువురికీ నేటికీ గల ఏకాభిప్రాయము స్పష్టమగుచున్నది. ఒకే విధమైన తప్పు చేసినవారిని ఒకేచోట ఉంచుట వలన దోషము ప్రబలగలదు. కావున ఈమెను ఇచ్ఛాపురం గోడౌనుకు బదిలీ చేయడమైనది."

ఇచ్ఛాపురం అంటే రాష్ట్రానికి ఈ చివర. ఇంకో అడుగేస్తే ఒరిస్సా. అంతకన్న దూరంగా వెయ్యడానికి కార్పొరేషన్‌కి భూమి లేదు.

ఇచ్ఛాపురం చేరిన రోజు సాయంత్రం, సంచుల గుట్ట మీద కూర్చుని దాలమ్మ ఫోను చేసింది. అవతల గౌరీశ్వరి ఎలకల మందు కలుపుతోంది.

"ఏటే, ఎక్కడికేసేరు నిన్ను? బండెప్పుడెక్కుతావు?"

"ఎక్కీసేను. దిగీసేను. ఇచ్ఛాపురం."

అవతల మందు కలుపుతున్న చప్పుడు ఆగిపోయింది. "వినపడుతుందా? గౌరీ? నా వల్లే గదే ఇదంతా. ఆ రోజు నాను ఒక్కడుగు..."

"నోర్ముయ్," అంది గౌరీశ్వరి. తరవాత ఆ పెద్ద నవ్వు వినిపించింది, కొంచెం చెదిరి. "ఇచ్ఛాపురంలో నువ్వు, తడలో నాను. మద్దెన ఉన్న రాష్ట్రమంతా మన ఇన్‌ఫీల్డే గదే ఇప్పుడు! ఎంత సున్నం పోస్తారో పొయ్యనీ. విసిరీ."

"ఏటి విసిరేది?"

"ఏదో ఒకటి. నువ్వు చూడకుండా విసిరీ. ఏ ఊరి బంతి, ఎవరి పరిధి అని జిల్లా జిల్లాకీ ఒకడు కూచుని మెమోలు రాసుకుంటాడు. ఆళ్ళు రాయడం అయ్యేలోగా నాను పట్టీసుకుంటాను."

దాలమ్మ లేచి నిలబడింది. గోడౌను తలుపు దక్షిణం వైపు తెరిచి ఉంది.